నూటికి నూరు చూపించిన చిన్నమ్మ

కంప్యూటరు గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాల్సిన రోజులు అవి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ, కామారెడ్డిలో అందరూ దాన్ని పాటించేవాళ్లు. గుళ్లోకో దర్గాలోకో పోయినట్టు గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, తల కొంచెం వంచి లోపలికి వచ్చేవాళ్లు. ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోనులో ఎనిమిది మెదళ్లున్నాయట. దాన్ని పట్టుకుని చెప్పులతోనే అన్నిచోట్లా తిరుగుతున్నాను. (ఏ గదిలోకి తీసుకుపోకూడదో ఆ గదిలోకి కూడా తీసుకుపోతున్నానని మా ఆవిడ ఫిర్యాదు.) ఆ రోజుల్లో మాత్రం రెండు మెదళ్లున్న యంత్రం మా చుట్టుపక్కల మొత్తానికి ఒక్కటే ఉండేది. దాని ముందు కూర్చునే అదృష్టం ఇరవై రెండేళ్ల నాకు దక్కింది. దక్కిన అదృష్టం మూడు రోజుల్లో నా ఉద్యోగం మీదికి ఎట్లా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాది లింగంపేట. కామారెడ్డిలో డిగ్రీ అయ్యాక ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసి, ఆ కోర్సు చెప్పిన చోటే పనికి కుదిరాను. కుదిరాను అంటే, వాళ్లు "కొన్ని దినాలు చూద్దాం" అన్నారు, నేను ఇంటికి పోకుండా అక్కడే కూర్చున్నాను. యజమానిని అందరూ దుబాయి సేటు అనేవాళ్లు. ఆ దేశానికి కట్టడాల పనికి కూలీగా పోయి, ఫోర్‌మన్‌గా తిరిగొచ్చిన మనిషి. వచ్చాక స్టేషన్ రోడ్డులో ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు తీసుకుని కంప్యూటరు సెంటరు పెట్టాడు. ఆయనకు కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ, పనివాళ్ల గురించి తెలిసింది ఎక్కువ. పది మందిని దూరం నుంచి చూసి, ఎవడు పని చేస్తున్నాడో ఎవడు పని చేస్తున్నట్టు నిలబడ్డాడో చెప్పేస్తానని ఆయన ధీమా. మంచివాడే. కాకపోతే ఎవరైనా ఖాళీగా కనబడితే ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు.

ఒకరోజు సేటు హైదరాబాదు నుంచి జీపులో ఒక యంత్రాన్ని దింపించాడు. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసింది, ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. దాని గొప్పతనమేంటంటే, అందరి కంప్యూటర్లలో ఒక్కటే ఉండే ప్రాసెసరు దీంట్లో రెండు. "ఒక్క పెట్టెల రెండు దిమాగులు భాయ్! నిజామాబాదుల గూడ లేదు గిసుంటిది" అని సేటు దానికి జోడెడ్లు అని పేరు పెట్టాడు. పేరు బజారంతా పాకింది. గంజి మార్కెట్టుకు మక్కజొన్నలు తెచ్చిన రైతులు కూడా పనిలో పనిగా మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, "ఏదీ, రెండో ఎద్దు ఏ దిక్కున్నది?" అని అడిగేవాళ్లు. నేను ఒకసారి పెట్టెకు ఎడమవైపు చూపించేవాణ్ని, ఒకసారి కుడివైపు. ఎటు చూపించినా వాళ్లు తృప్తిగా తలూపి పోయేవాళ్లు.

ఇక్కడే నేనొక బుద్ధితక్కువ పని చేశాను. ఆ యంత్రం తెర మీద ప్రాసెసర్లు ఎంత పని చేస్తున్నాయో చూపించే మీటరు లాంటిది ఒకటుంది. రెండిటికీ రెండు డబ్బాల్లో గీతలు పాకుతుంటాయి, కింద రెండూ కలిపి నూటికి ఎంత అని ఒక అంకె ఉంటుంది. నా తెలివి చూపించుకోవాలని దాన్ని సేటుకు చూపించాను. చూపించిన క్షణం నుంచి ఆయన మళ్లీ ఫోర్‌మన్ అయిపోయాడు. కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకుని, నా ముఖం గానీ నేను రాసే ప్రోగ్రాం గానీ చూడకుండా, ఆ అంకెనే చూస్తూ కూర్చునేవాడు.

అప్పుడే మాకొక పెద్ద పని వచ్చింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ప్రైవేటు బళ్లవాళ్లంతా కలిసి పిల్లలకు ఒక ప్రతిభా పరీక్ష పెట్టారు. ఆరు వేల మంది పిల్లలు. ఒక్కొక్కరికి బడిలో ఎన్నో ర్యాంకు, మండలంలో ఎన్నో ర్యాంకు, అందరిలో ఎన్నో ర్యాంకు అని లెక్కతీసి, పేరుపేరునా చీటీ అచ్చువేసి ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం ఎల్లారెడ్డిలో సభ, అక్కడే చీటీలు పంచుతారు. సేటు నా భుజం మీద చెయ్యి వేసి సూటిగా చెప్పాడు. "చూడు ఇంజనీరు సాబ్, ఇది మంచిగ చేసిస్తే సోమవారం నుంచి నువ్వు పక్కా. చెయ్యకుంటే లింగంపేట బస్సు నీకు తెల్సు." ఇంట్లో మా అవ్వ (మా దిక్కు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం) అప్పటికే నాకు పక్కా ఉద్యోగమని వాడంతా చెప్పేసింది. అట్లా అని ఆమెకు చెప్పింది నేనే. కాబట్టి ఆ ఆదివారం నా ఉద్యోగానికే కాదు, నా అబద్ధానికి కూడా గడువు.

గురువారం నాడు ప్రోగ్రాం రాసి, అసలు మార్కులు శనివారం పొద్దున గానీ చేతికి రావు కాబట్టి, ఉత్తుత్తి మార్కులతో నడిపించాను. నా రాత ఎంత అద్భుతమంటే, ప్రతి పిల్లవాడి కోసం ఆరువేల మంది జాబితాను మళ్లీ మొదటి నుంచి చదివేది. గంటకు ఐదు వందల మంది అయ్యేవాళ్లు. ఎంతమంది అయ్యారో తెర మీద ఒక లెక్క కనబడేట్టు పెట్టాను. సేటు ఆ లెక్క చూడలేదు. ఆయన కళ్లు మీటరు మీద ఉన్నాయి. మీటరు యాభై దగ్గర నిలబడింది. ఎంతసేపు చూసినా యాభై. రెండు డబ్బాల్లోనూ గీత సగం ఎత్తులో ఊగుతోంది.

"ఇదేంది భాయ్, రెండెడ్లకు కరెంటు తాపుతున్నం, ఒక్క ఎద్దు పనే అయితున్నది. మిగిలిన సగం ఏడ పండుకున్నది?"

"రెండూ సగం సగం బలంతోని లాగుతున్నట్టున్నయ్ సేటూ" అన్నాను, చాలా ఆలోచించినట్టు ముఖం పెట్టి.

"అంటే రెండూ దొంగలే" అని తేల్చాడాయన.

ఆ సాయంత్రం యంత్రంతో పాటు వచ్చిన లావు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, మేమిద్దరం చదివింది తప్పు. నా ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా ఒకే వరుస పని. ఒక వరుస పనిని ఒక సమయంలో ఒక ప్రాసెసరే చేయగలదు. కాసేపు దీని మీద, కాసేపు దాని మీద మారుతుంటుంది కాబట్టి రెండు గీతలూ సగంలో కనబడతాయి. నిజానికి ఏ క్షణం చూసినా ఒకటి ప్రాణం పెట్టి లాగుతోంది, రెండోది పక్కన నిలబడి చూస్తోంది. యాభై అంటే ఇద్దరు దొంగలు కాదు, ఒక పనిమంతుడూ పని దొరకని ఇంకొకడూ. పనిని రెండు వరుసలుగా విడదీస్తే రెండోదానికీ చేతినిండా పని దొరుకుతుంది.

విడదీశాను. కామారెడ్డి వైపు పిల్లలు ఒక వరుస, ఎల్లారెడ్డి వైపు పిల్లలు ఒక వరుస. మీటరు నూరుకు ఎగిరింది. నేను కూడా కుర్చీలోంచి ఎగిరాను. కానీ పరీక్ష కోసం కొద్దిమందితో నడిపి చూస్తే, చివర్లో పిల్లలు తక్కువ వచ్చారు. మళ్లీ నడిపితే ఇంకోరకంగా తక్కువ వచ్చారు. రెండు వరుసలూ ఫలితాలను ఒకే పట్టీలో రాస్తున్నాయి. ఇది రాసిన చోటే అదీ రాస్తే మొదటి పిల్లవాడు గల్లంతు. ఒకసారి రాజంపేట పిల్లలు పోయారు, ఇంకోసారి నస్రుల్లాబాద్ పిల్లలు. శుక్రవారం పొద్దున దాకా కుస్తీ పట్టి, చేతులెత్తేసి, పాత ఒంటి వరుస ప్రోగ్రామే మళ్లీ పెట్టాను. పిల్లలు అందరూ ఉన్నారు. మీటరు యాభై. సేటు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడింది.

ఆ క్షణంలో నాకు వచ్చిన ఉపాయం ఏ పుస్తకంలోదీ కాదు. అది మా ఇంట్లోది. అది చెప్పాలంటే మా చిన్నమ్మ గురించి చెప్పాలి. అవ్వకు చెల్లెలు, మాతోనే ఉండేది. ఇద్దరి పేరు మీదా బీడీ కంపెనీ కార్డులున్నాయి. కానీ చిన్నమ్మ చిన్నప్పుడు చెరుకు గానుగలో చెయ్యి పెట్టింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వంగవు. వేళ్లు వంగకుండా బీడీ చుట్టడం జరిగే పని కాదు. కార్డు పోతే రేపు ముసలితనంలో ఆమెకు ఆసరా ఉండదని, ఆమె చుట్టాల్సిన బీడీలు కూడా ఏళ్ల తరబడి మా అవ్వే చుట్టింది. కంపెనీ నుంచి చెకింగ్ సారు వచ్చిన రోజు మాత్రం చిన్నమ్మ చూడాలి! చుట్టిన బీడీలు పడే చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు పట్టుకుని, అవ్వ ముందే చుట్టి పెట్టిన బీడీని అరచేతిలో దాచి, భుజాలు ఊపుతూ, పెదవులు బిగించి, చెమట కూడా తుడుచుకుంటూ చుట్టేది. చుట్టేది అంటే, అదే ఒక్క బీడీని సారు పోయేదాకా చుట్టేది. సారు అవ్వ వైపు చూసి "మీ చెల్లె మీకన్న జోరుగున్నది" అని మెచ్చుకుని పోయేవాడు.

సేటు మెట్లెక్కి వచ్చేలోపు నా ప్రోగ్రాంలో ఒక చిన్నమ్మను కూర్చోబెట్టాను. రెండో వరుస ఒకటి మొదలవుతుంది. అది చేసేదల్లా ఒకటికి ఒకటి కలపడం, మళ్లీ ఒకటి కలపడం, ఎందుకు కలుపుతున్నావని ఎవరూ అడగనంతసేపు కలుపుతూనే ఉండటం. అలవాటు కొద్దీ దానికి పేరు కూడా పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నమ్మ అనే. ప్రోగ్రాం మొదలవగానే తెర మీద "చిన్నమ్మ మొదలైంది" అని ఒక వరుస పడుతుంది. సేటు లోపలికి వచ్చేసరికి మీటరు నూటికి నూరు. గీతలు రెండూ డబ్బాల పైకప్పును తాకి కదలకుండా ఉన్నాయి.

"క్యా బాత్ హై!" అని సేటు కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. "చూడు, ఇప్పుడైనయి ఎడ్లు! ఏం జేసినవ్?"

"కొంచెం మందలించిన సేటూ."

"ఇదేంది, చిన్నమ్మ అని ఉన్నది?"

"అది... కంప్యూటరు భాష."

చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. మూడో బిస్కెట్టు తింటుండగా ఆయన ఎల్లారెడ్డి హెడ్మాస్టరుకు ఫోను కలిపాడు. "సార్, మా జోడెడ్లు ఇప్పుడు ఫుల్లు జోరు మీదున్నయ్. నిన్నటికి డబుల్! ఆదివారం సాయంత్రం దాంక ఎందుకు, సభ పొద్దుగాల పదింటికే పెట్టుకోండ్రి. చీటీలు మేమే తెస్తం" అన్నాడు. అవతలాయన మైకువాళ్లకూ షామియానావాళ్లకూ చెప్పేస్తానన్నాడు. నా చేతిలో బిస్కెట్టు చాయ్‌లో పడి మునిగింది.

ఇప్పుడు లెక్క చూడండి. సభ సాయంత్రమే ఉంటే శనివారం ర్యాంకులు తీసి, ఆదివారం మధ్యాహ్నం దాకా చీటీలు అచ్చువేసుకుని బస్సెక్కేవాణ్ని. ఇప్పుడు శనివారం రాత్రికే అన్నీ అయిపోవాలి. అప్పట్లో మా ప్రింటరు ఒక్కో గీతా గీసుకుంటూ గొణుక్కుంటూ నడిచేది, చీటీలకే నాలుగైదు గంటలు కావాలి. పన్నెండు గంటలు పట్టే లెక్క ఆరు గంటల్లో తేలాలి. సేటు నమ్మకం ప్రకారం తేలుతుంది కూడా, మీటరు నూరు చూపిస్తోంది కదా. సంగతి తెలిసింది ఈ భూమ్మీద నాకూ, ఒకటికి ఒకటి కలుపుకుంటున్న ఆ చిన్నమ్మకూ మాత్రమే. నిజం చెప్పేస్తే పోయేదే. ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను.

శనివారం ఎనిమిదింటికి ప్రోగ్రాం మొదలుపెట్టాను. ఏదో అద్భుతం జరుగుతుందని ఎందుకో ఆశ. పదింటికి వెయ్యి. అద్భుతం జరగలేదు. మీటరు మాత్రం నూరు నుంచి కిందికి దిగడం లేదు. సేటు ఒకసారి మీటరు చూసి నవ్వుతాడు, ఒకసారి గోడ గడియారం చూసి కనుబొమలు ముడుస్తాడు. పదకొండు కావస్తుండగా గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. తల తిప్పి చూస్తే, సద్ది గిన్నె చేతిలో పట్టుకుని మా అవ్వ, ఆమె వెనక మా చిన్నమ్మ. అసలు చిన్నమ్మ. అవ్వకు భుజం నొప్పి చూపించుకోవడానికి దవాఖానకు వచ్చి, కొడుకు పక్కా ఉద్యోగం కళ్లారా చూసిపోదామని ఇటు వచ్చారట.

సేటు ఎంత మర్యాదస్తుడంటే, లేచి కుర్చీలు తనే జరిపాడు. "రా అవ్వా, కూసో. నీ కొడుకు బంగారం. చూడు, రెండెడ్లను ఎట్ల తోలుతున్నడో! మొన్న సగమే పనిజేసినయి, ఇప్పుడు నూటికి నూరు!" అని మీటరు చూపించి, రెండు గీతలూ వివరించి, ఇంకా ఉత్సాహం ఆగక, "ఇగో, ఇక్కడ చూడుండ్రి, కంప్యూటరు భాషల పెద్ద మాట" అని తెర మీద అక్షరాలు కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. "చి... న్న... మ్మ... మొదలైంది."

నేను నేల చూశాను. నేల కూడా నన్ను చూస్తున్నట్టే అనిపించింది. అవ్వా చిన్నమ్మా ఇద్దరూ నా వైపు తిరిగారు. అవ్వకు చదువు రాదు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, కట్టలు కట్టి అప్పజెప్పిన మనిషి ఆమె.

"సేటూ, గీతలు మంచిగున్నయ్ గని," అంది మెల్లగా, "చాటల ఎన్ని పడ్డయ్?"

"చాటలనా?"

"అదే, ఇప్పటి దాంక ఎందరు పోరగాండ్లయి అయినయి?"

సేటు మొదటిసారి మూలనున్న లెక్క చూశాడు. "పదిహేను వందలకు దగ్గర."

"ఎన్ని గంటలల్ల?"

"మూడు."

"మరి మొన్న సగమే పనిజేసినయి అన్నరు గద, మొన్న గంటకెన్ని పడ్డయ్?"

సేటు నా వైపు చూశాడు. నోరు విప్పక తప్పలేదు. "ఐదు వందలు" అన్నాను. అవ్వ మీటరునూ, తెర మీది ఆ పేరునూ, పక్కనున్న చెల్లెలినీ వరసగా చూసి, "చెకింగ్ సారు వచ్చిన దినం లెక్కనే ఉన్నది గద ర ఇది" అంది.

ఇక దాచేది ఏముంది. సేటు నిలదీశాడు, నేను చెప్పేశాను. చెకింగ్ సారు సంగతి, ఒక్క బీడీని గంటసేపు చుట్టడం, దాన్నే ప్రోగ్రాంలో పెట్టడం, పని చేసే వరుస ఒక్కటే ఉండటం, అన్నీ. చెప్తుంటే నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. ఉద్యోగం పోయిందని తెలుస్తూనే ఉంది. దానికంటే ఎక్కువ సిగ్గయింది చిన్నమ్మ ముఖం చూడటానికి. ఆమె వంగని రెండు వేళ్లనూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఇంటి గుట్టును తీసుకొచ్చి బజారు మీద రెండో అంతస్తులో పెట్టాను కదా.

సేటు లేచి కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతుంటే కోపంతో అనుకున్నాను. తిరిగితే తెలిసింది, నవ్వు. "ఫోర్‌మన్ కాకముందు నేనేం జేసిన్నో ఎరుకనా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంజనీరు జీపు కనవడంగనే ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని కట్టడం చుట్టూ తిరిగేటోన్ని. గుండ్రంగ! మనిషిని చూస్తే చాలు దొంగను పట్టేస్త అనుకున్న, పెట్టెల గూసుంటే పట్టలేకపోయిన." అంతలోనే ముఖం మారింది. "నవ్వు తర్వాత. హెడ్మాస్టరుకు నేను జబాన్ ఇచ్చిన. రేపు పొద్దుగాల పదింటికి ఆరు వేల మంది పోరగాండ్లు అక్కడ కూసుంటరు. ఇప్పుడెట్ల?"

రెండు వరుసలుగా విడదీయడం తెలుసనీ, కానీ రెండూ ఒకే పట్టీలో రాయబోయి పిల్లల్ని పోగొడుతున్నాయనీ చెప్పాను. సేటుకు అర్థం కాలేదు. అవ్వకు నేను చెప్పడం పూర్తికాకముందే అర్థమైంది. "ఇద్దరు ఒక్క చాటల ఏస్తరా ఎవరన్న? చెయ్యికి చెయ్యి తాకి కింద పడయా?" అని నన్ను కసురుకుంది. "ఎవరి చాట వాళ్లకు పెట్టు. చుట్టుడంత అయినంక, ఒక్కలు కూసోని రెండు చాటలయి కలిపి కట్టలు కడ్తరు. ఇంత సదివినవ్, గిది తెల్వదా?"

తెలియదు. లావు పుస్తకంలో ఉందేమో, నేను అంతదాకా చదవలేదు. ఎవరి పట్టీ వాళ్లకు ఇచ్చి, చివర్లో కలిపే పని ఒకటి రాయడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా నా వెనక ముగ్గురూ జొన్నరొట్టె తింటూ కూర్చున్నారు. ఒకటికి ఒకటి కలిపే పనిని కొట్టేయబోతుంటే చిన్నమ్మ లేచి వచ్చి నా భుజం వెనక నిలబడింది.

"నా పేరు మీద ఉన్నది ఇదేనా?"

"ఔ చిన్నమ్మా."

"ఇది ఏం పని జేస్తది?"

"ఏం జెయ్యది."

"ఇప్పుడు తీసేస్తవా?"

"తీసేస్త."

"పాపం" అంది.

ఆమె నవ్వుతూనే అంది. కానీ నా వేళ్లు ఆగిపోయాయి. పేరును అట్లాగే ఉంచాను. దాని కింద ఉన్న వెర్రి లెక్కను తీసేసి, ఎల్లారెడ్డి వైపు పిల్లల పనంతా అక్కడ పెట్టాను. కామారెడ్డి వైపు పనికి అవ్వ అని పేరు పెట్టాను. పన్నెండు కాకముందే మొదలుపెడితే తెర మీద అవ్వ మొదలైంది, చిన్నమ్మ మొదలైంది. మీటరు నూరు. నిన్నటి నూరు ఎట్లా ఉందో ఇదీ అచ్చం అట్లాగే ఉంది, గీతలో వెంట్రుకవాసి తేడా లేదు. ఈసారి సేటు దాన్ని చూడలేదు. లెక్క దగ్గర వేలు పెట్టి, "చాటల పడుతున్నయ్, మస్తు పడుతున్నయ్" అని అరుస్తున్నాడు.

సాయంత్రం ఆరింటికి ర్యాంకులన్నీ తేలాయి. ఆరు వేల మందిలో ఒక్కరూ గల్లంతు కాలేదు. చీటీలు అచ్చు మొదలయ్యాక మీటరు ధబ్బున రెండుకో మూడుకో పడిపోయింది. సేటు గుండె పట్టుకున్నాడు. "ఎడ్లు సచ్చినయ్ భాయ్!" ఆయన్ను కూర్చోబెట్టింది కూడా అవ్వే. "చుట్టుడు అయిపోయింది సేటూ. బీడీలు బట్టీల పెట్టినంక చేతులకు పనేముంటది? ఇగ ఆ గొణిగేదాని పని" అని ప్రింటరు వైపు చూపించింది. చీటీలు చింపి బడివారీగా కట్టలు కట్టే పనిలో ఇద్దరూ మాతో పాటు నేల మీద కూర్చున్నారు. చిన్నమ్మ ఎడమచేత్తో ఎంత చకచకా కట్టిందంటే, సేటు నిజంగానే ఆమెను మెచ్చుకున్నాడు. వాళ్లు ఆఖరి బస్సుకు లింగంపేట పోయారు. మర్నాడు పదింటికి ఎల్లారెడ్డిలో షామియానా కింద చీటీలు పంచాం. సోమవారం సేటు నన్ను పక్కా చేశాడు. ఒకే ఒక షరతు పెట్టాడు, మీటరు ఉన్న మూల ఒక కాగితం ముక్క అంటించాలని. అది చూస్తే ఆయన చెయ్యి దురద పెడుతుందట.

లింగంపేటలో మాత్రం కథ వేరే విధంగా నడిచింది. "ఎల్లారెడ్డి దిక్కు పోరగాండ్ల ర్యాంకులన్ని తీసింది నేనే. కంప్యూటర్ల నా పేరుంది, కావాలంటే సేటునడుగుండ్రి" అని చిన్నమ్మ బతికినన్నాళ్లూ చెప్పుకుంది. నేను ఇంటికి పోయినప్పుడల్లా అన్నం పెడుతూ, "నా పని నడుస్తున్నదా?" అని అడిగేది. "నూటికి నూరు చిన్నమ్మా" అనేవాణ్ని. అది అబద్ధం కాదు. తర్వాత ఎన్ని చోట్ల పని చేసినా, నేను రాసిన ప్రతి పెద్ద ప్రోగ్రాంలో బరువైన పని మోసే ఒక వరుసకు ఆ పేరే పెట్టుకుంటూ వచ్చాను. కుర్రవాళ్లు ఇదేం మాటని అడుగుతారు. కంప్యూటరు భాష అని చెప్తాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేస్తాను. నా పేరు పక్కన ఒక పచ్చ చుక్క ఉంటుంది. కాసేపు ఏమీ ముట్టకపోతే అది పసుపు రంగుకు మారుతుంది, ఎక్కడో ఎవరో చూస్తారు. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక, కళ్లు మూతలు పడుతుంటే, కుర్చీలో వెనక్కి వాలి ఒక వేలితో మౌసును అటూ ఇటూ కదుపుతుంటాను. చుక్క పచ్చగా వెలుగుతుంటుంది, చాటలో ఏమీ పడదు. ఒక్కోసారి చిన్నమ్మ నా భుజం వెనక వచ్చి నిలబడినట్టు అనిపిస్తుంది. ఆమె నన్ను తిట్టదు. నా చెయ్యి పట్టుకుని సరిచేస్తుంది. "గట్ల కాదు బిడ్డా, దొరికిపోతవ్. భుజం గూడ ఊపాలె."